పెళ్లి సర్టిఫికెట్‌కు ముద్రలు: ఏ దేశానికి ఏవి, ఏ వరుసలో

భర్త డల్లాస్‌లో, భార్య గుంటూరులో. లేదా భార్య దుబాయ్‌లో నర్సు, భర్త కరీంనగర్‌లో. డిపెండెంట్ వీసా మాట ఎత్తగానే చుట్టాల్లో ఎవరో ఒకరు అడుగుతారు: "మ్యారేజ్ సర్టిఫికెట్ అటెస్టేషన్ చేయించారా?" అంటే, దాని మీది సంతకం నిజమైనదేనని అధికారులతో ముద్రలు వేయించారా అని. ఆ మాట పట్టుకుని అమీర్‌పేటలో ఏదో కన్సల్టెన్సీ మెట్లెక్కితే నోటరీ, హోం డిపార్ట్‌మెంట్, ఎంఈఏ (విదేశాంగ శాఖ), ఎంబసీ అంటూ గంపగుత్తగా ఓ రేటు చెప్తారు. ఏ దేశానికి వెళ్తున్నారో అడగక ముందే రేటు చెప్పేవాళ్లూ ఉన్నారు. అలాంటి చోట కుర్చీ లాక్కుని కూర్చోవాల్సిన పని లేదు, లేచి వచ్చేయండి.

ఈ వ్యవహారంలో ముందు తేలాల్సింది దేశం పేరే. అమెరికాకు ముద్రలే అక్కర్లేదు. నెదర్లాండ్స్‌ వాళ్లు అపొస్టిల్ చూస్తారు, అంటే హేగ్ ఒప్పందం ప్రకారం మన విదేశాంగ శాఖ అంటించే స్టిక్కర్, దానితో సరి. దుబాయ్‌కి ముద్ర మీద ముద్ర పడాలి, వరుస తప్పకూడదు. జర్మనీకి మన అపొస్టిల్ చెల్లదు. మనవాళ్లు చాలామంది ముద్రలు అడగని దేశాలకే వెళ్తారు, అనవసరంగా ముద్రలు వేయించుకునేదీ ఆ దేశాలకే.

ముద్ర ఏం చెబుతుంది

అపొస్టిల్ స్టిక్కర్ చేతికొస్తే ఒకసారి తీరిగ్గా చదవండి. పైన ఫ్రెంచిలో శీర్షిక ఉంటుంది, అందులో 1961 అక్టోబరు 5 అనే తేదీ ఉంటుంది. హేగ్‌లో ఆ ఒప్పందం కుదిరిన రోజది. భారత్‌కు అది 2005 జులై 14 నుంచి అమల్లోకి వచ్చింది. శీర్షిక కింద పది అంశాలు వరుసగా ఉంటాయి: దేశం, ఈ పత్రం మీద సంతకం చేసినది ఎవరు, ఏ హోదాలో చేశారు, ఎవరి ముద్ర ఉంది, ఎక్కడ ధ్రువీకరించారు, ఏ తేదీన, ఎవరు, నంబరు, ముద్ర, సంతకం. అంతే. "ఈ పెళ్లి నిజంగా జరిగింది" అని గానీ "ఇందులో పేర్లు సరిగ్గా ఉన్నాయి" అని గానీ అందులో ఎక్కడా ఉండదు.

సబ్ రిజిస్ట్రార్ సంతకం నిజమైనదేనని రాష్ట్ర అధికారి చెబుతాడు. ఆ అధికారి సంతకం నిజమైనదేనని విదేశాంగ శాఖ చెబుతుంది. దాని సంతకం నిజమైనదేనని ఎంబసీ చెబుతుంది. ఏ కుర్చీలో కూర్చున్నవాళ్లయినా తమ ముందు కుర్చీ సంతకమే చూస్తారు తప్ప పత్రంలో ఏం రాసి ఉందో చూడరు. పత్రంలోని విషయానికి తమ బాధ్యత లేదని మన విదేశాంగ శాఖ కూడా స్పష్టంగానే చెబుతుంది.

దీనివల్ల వచ్చే చిక్కేమిటంటే, పేరులో ఒక అక్షరం తప్పున్న సర్టిఫికెట్ నాలుగు బల్లలు దాటుకుని నిక్షేపంలా వెళ్లిపోతుంది. వీసా ఆఫీసరు పాస్‌పోర్టు పక్కన పెట్టి చూసినప్పుడే దొరుకుతుంది. అప్పుడు సర్టిఫికెట్ దిద్దించి, కొత్త కాపీ తీసుకుని, మళ్లీ మొదటి ముద్ర నుంచి మొదలుపెట్టాలి. ఖర్చు తడిసి మోపెడవుతుంది. కాబట్టి ముందు కాగితంలో ఉన్నది సరిచేసుకోవాలి, ముద్రల సంగతి ఆ తర్వాతే.

పేరు, తేదీ, జిల్లా

మన పేర్లే మనకు పెద్ద తలనొప్పి. ఉదాహరణకు పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిలో "పోలిశెట్టి", పేరు గడిలో "వెంకట నాగలక్ష్మి" అని ఉందనుకోండి. పదో తరగతి మెమోలో "పి.వి. నాగలక్ష్మి". ఆధార్‌లో "నాగలక్ష్మి పోలిశెట్టి". పెళ్లికార్డు మీద "చి.ల.సౌ. లక్ష్మి". సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు బయట అప్లికేషన్ నింపిపెట్టే డాక్యుమెంట్ రైటర్ అలవాటుగా మెమో చూసి ఇనిషియల్స్‌తో రాసేస్తాడు. రాయనివ్వకండి. వధువు పేరు, వరుడి పేరు, ఇద్దరి తల్లిదండ్రుల పేర్లు పాస్‌పోర్టుల్లో ఎలా ఉన్నాయో అలాగే, ఇంగ్లీషు స్పెల్లింగుతో సహా, ఇనిషియల్ లేకుండా పూర్తిగా రాయించాలి. పాస్‌పోర్టు ఇంకా లేకపోతే ముందు పాస్‌పోర్టు తీసుకుని తర్వాత రిజిస్ట్రేషన్‌కు వెళ్లడం మేలు. తల్లిదండ్రుల పేర్లను చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. మామగారి పేరు ఒకచోట "సుబ్బారావు", ఇంకోచోట "వెంకట సుబ్బారావు" అని ఉంటే అది కూడా ప్రశ్నే అవుతుంది.

తప్పుతో సర్టిఫికెట్ ఇప్పటికే వచ్చేసి ఉంటే ఇచ్చిన ఆఫీసులోనే దిద్దించుకోవడం ఉత్తమం. పాస్‌పోర్టు, మెమో, అఫిడవిట్ జతచేసి అర్జీ పెట్టాలి. "ఈ రెండు పేర్లూ ఒకే వ్యక్తివి" అని నోటరీ దగ్గర అఫిడవిట్ చేయించుకుంటే సరిపోదా అంటే, అమెరికా, కెనడా, బ్రిటన్ లాంటి చోట్ల దాన్ని తోడు కాగితంగా పెట్టవచ్చు. గల్ఫ్ దేశాలకైతే దాని మీద ఆశ పెట్టుకోకండి.

పెళ్లి కాగానే భార్య పాస్‌పోర్టులో ఇంటిపేరు మార్పించాలన్న తొందర చాలా ఇళ్లలో కనిపిస్తుంది. వీసాకు అది అవసరం లేదు. పాస్‌పోర్టులోనూ మ్యారేజ్ సర్టిఫికెట్‌లోనూ పుట్టింటి ఇంటిపేరే ఉంటే అంతకంటే హాయి లేదు, అలాగే ఉంచేయండి. మధ్యలో మారిస్తే సర్టిఫికెట్ ఒక పేరుతో, పాస్‌పోర్టు ఒక పేరుతో, డిగ్రీ ఇంకో పేరుతో మిగులుతాయి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లు మాత్రం అది ముందే సరిచేసుకోవాలి. అమెరికా వీసాలో అలాంటివాళ్లకు పేరు గడిలో "ఎఫ్ఎన్‌యూ" (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పడుతుంది, డ్రైవింగ్ లైసెన్సు దాకా అది వెంటాడుతుంది. యూఏఈ కూడా 2022 నవంబరులో పాస్‌పోర్టు మీద ఒకే పేరు ఉన్నవాళ్లకు విజిట్, టూరిస్టు వీసాల విషయంలో ఆంక్ష పెట్టింది.

తర్వాత తేదీ. మన ముహూర్తాలు అర్ధరాత్రి దాటాక ఉంటాయి కదా. కార్డు మీద "బుధవారం రాత్రి తెల్లవారితే గురువారం 2 గం. 14 ని.లకు" అని వేస్తారు. పక్కనే ఉన్న ఇంగ్లీషు తేదీ కొందరు బుధవారానిది వేస్తారు, కొందరు గురువారానిది. రిజిస్ట్రార్‌కు లెక్క గడియారమే. రాత్రి 12 దాటితే మరుసటి రోజు. పెళ్లి తేదీగా సర్టిఫికెట్‌లో పడినదే ఇక జీవితాంతం అన్ని ఫారాల్లో రాయాలి. కార్డు మీద వేరే తేదీ ఉంటే, వీసా ఫైల్లో కార్డు పెట్టేటప్పుడు ముహూర్తం అర్ధరాత్రి దాటాక అని ఒక్క వాక్యం రాసి జతచేయండి. ఇంకో పొరపాటు, రిజిస్ట్రేషన్ తేదీని పెళ్లి తేదీగా నింపడం. సర్టిఫికెట్‌లో రెండూ ఉంటాయి, మొదటిదే కావాలి.

పుట్టిన తేదీ సంగతి ఇంకా ముదురు. బడిలో చేర్చేటప్పుడు అయ్యవారు వేసిన తేదీ ఒకటి, మున్సిపాలిటీ రిజిస్టర్లో ఉన్నది ఒకటి. పాస్‌పోర్టు మెమో ప్రకారం వచ్చేసి ఉంటుంది. గ్రీన్ కార్డు కేసుల్లో బర్త్ సర్టిఫికెట్ అడుగుతారు కాబట్టి రెండూ ఎదురెదురుగా నిలబడతాయి. ఆస్పత్రిలో పుట్టి అప్పుడే నమోదైన పాత రికార్డు ఉండగా, దాన్ని వదిలేసి మెమో తేదీతో ఆలస్య నమోదు కింద కొత్త సర్టిఫికెట్ పుట్టించే బ్రోకర్లున్నారు. ఆ పని చేయొద్దు. ఒకే మనిషికి రెండు జనన నమోదులు ఉన్నాయని తేలితే అది స్పెల్లింగు తప్పులా సర్దుకునే వ్యవహారం కాదు. ఉన్న రికార్డును ఉన్నట్టు చూపించి తేడా ఎందుకొచ్చిందో రాసుకోవడమే నయం.

అసలు నమోదే కాకపోతే దారి వేరు. మున్సిపాలిటీ లేదా పంచాయతీ నుంచి, రికార్డు దొరకలేదని నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ తీసుకుని, దానికి తోడుగా అఫిడవిట్లు, మెమో పెట్టాలి. అఫిడవిట్ ఇచ్చేది తల్లి అయితే శ్రేష్ఠం. లేకపోతే ఆ బిడ్డ పుట్టేనాటికి ఊహ తెలిసి ఉన్న దగ్గరి పెద్దవాళ్లు. పూర్తి పేరు, పుట్టిన తేదీ, ఊరు, తల్లిదండ్రులిద్దరి పేర్లు, ఆ విషయం తమకెలా తెలుసో అందులో ఉండాలి. "నాకు బాగా తెలుసు" అని ముగించేసే అఫిడవిట్ పనికిరాదు. ఇక రికార్డు ఉంది కానీ అందులో బిడ్డ పేరు లేదు, "ఆడ శిశువు" అని మాత్రమే ఉంది అనేది మన దగ్గర మామూలే. పేరు చేర్పించుకునే పద్ధతి జనన మరణ నమోదు చట్టంలోనే ఉంది. అది అయ్యాకే కాపీ తీసుకోండి.

జిల్లాల గొడవ కూడా ఉంది. 2016లో తెలంగాణలో, 2022లో ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలు విడిపోయాయి. పాస్‌పోర్టులో "కరీంనగర్, ఆంధ్రప్రదేశ్" అని ఉన్న మనిషికి కొత్తగా తీసిన సర్టిఫికెట్‌లో "జగిత్యాల, తెలంగాణ" అని వస్తుంది. నరసరావుపేటలో పుట్టినవాళ్లకు గుంటూరు పోయి పల్నాడు వస్తుంది. దీనికోసం పాస్‌పోర్టు మార్చుకోనక్కర్లేదు. ఫారాల్లో పాస్‌పోర్టులో ఉన్నట్టే రాసి, రాష్ట్రం 2014 జూన్ 2న, జిల్లా ఫలానా సంవత్సరంలో మారిందని కవర్ లెటర్లో ఒక వరుస పెడితే చాలు.

ఏ సర్టిఫికెట్

గుడిలో ఇచ్చిన రసీదు, కల్యాణ మండపం బిల్లు, ఆర్యసమాజం పత్రం, ఇవేవీ వీసాకు వాటంతటవే చాలవు. వాటిని ఆధారంగా చూపించి హిందూ వివాహ చట్టం కింద సబ్ రిజిస్ట్రార్ దగ్గర నమోదు చేయించుకోవాలి. పెళ్లి జరిగిన చోటుకు గానీ ఇద్దరిలో ఒకరు నివసించే చోటుకు గానీ సంబంధించిన ఆఫీసుకు వెళ్లొచ్చు. ఇద్దరూ స్వయంగా రావాలి, ముగ్గురు సాక్షులు, వయసుకు, చిరునామాకు రుజువులు, పెళ్లికార్డు, మంగళసూత్రధారణ ఫొటో ఉండాలి. అబ్బాయి సెలవు మూడు వారాలే అయితే హనీమూన్ కంటే ముందు ఈ పని. అతను విమానం ఎక్కేశాక దిక్కు తోచదు. పంచాయతీ కార్యదర్శి ఇచ్చే పత్రం చట్టబద్ధమే అయినా, విదేశాలకు వెళ్లే కాగితం కాబట్టి సబ్ రిజిస్ట్రార్ ఇచ్చినది ఉండటం సుఖం.

మతాంతర వివాహమైతే, చాలాసార్లు ఒకరు విదేశీయులైనా, 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కిందికి వస్తారు. ఇద్దరిలో ఒకరు ఆ జిల్లాలో కనీసం 30 రోజులు నివసించి ఉండాలి, నోటీసు ఇచ్చాక మరో 30 రోజులు ఆగాలి. మూడు వారాల సెలవులో ఇది జరగదు. వరుడో వధువో అమెరికా పౌరులైతే తాము అవివాహితులమని ఇచ్చే ప్రమాణపత్రాన్ని హైదరాబాద్‌లోని అమెరికా కాన్సులేట్‌లో నోటరీ చేయించుకోవచ్చు. ఒక్కో ముద్రకు 50 డాలర్లు, ముందే అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. ముస్లిం పెళ్లిళ్లకు ఉర్దూ నికానామా ఒక్కటే పట్టుకుని ఎంబసీకి వెళ్లలేరు. దాని ఆధారంగా వక్ఫ్ బోర్డు ఇచ్చే ఇంగ్లీషు సర్టిఫికెట్ తీసుకోవాలి. హైదరాబాద్‌లో ఆ పని నాంపల్లి హజ్ హౌస్‌లో. చర్చి పెళ్లికైతే పాస్టర్‌కు 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం కింద లైసెన్సు ఉందో లేదో పెళ్లికి ముందే చూసుకోండి. తర్వాత చూసుకుని లాభం లేదు.

రిజిస్ట్రార్ ఆఫీసులోనే రెండు మూడు సర్టిఫైడ్ కాపీలు తీసి ఉంచుకోండి. ముద్రలన్నీ అసలు పత్రం వెనకే పడతాయి, ఒకటి ఇంటి దగ్గర శుభ్రంగా మిగలాలి. లామినేషన్ మాత్రం వద్దు. పదిలంగా ఉంటుందని ప్లాస్టిక్ వేయించిన సర్టిఫికెట్ మీద ఎవరూ ముద్ర వేయలేరు, ఊడదీస్తే చిరుగుతుంది. చేతిరాతతో ఉన్న పాత సర్టిఫికెట్లకు కూడా కొత్త కాపీ తీసుకోవడం మంచిది. ఎప్పుడో రిటైరైన అధికారి సంతకాన్ని పోల్చి చూడటానికి ఈనాటి ఆఫీసులో నమూనా ఉండకపోవచ్చు.

అమెరికాకు వెళ్లేవాళ్లకు

హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగి భార్య లేదా భర్త వీసా) అయినా, ఐ-130 (గ్రీన్ కార్డు కోసం బంధువు పెట్టే దరఖాస్తు) అయినా, మ్యారేజ్ సర్టిఫికెట్‌కు నోటరీ, అపొస్టిల్, హోం డిపార్ట్‌మెంట్ ముద్ర ఏదీ అక్కర్లేదు. రిజిస్ట్రార్ ఇచ్చిన ఒరిజినల్ చాలు. వచ్చేవాళ్ల పోషణకు హామీగా స్పాన్సర్ సంతకం చేసే ఐ-864 ఫారానికి కూడా నోటరీ అవసరం లేదు. తెలుగులో ఉన్న పత్రానికి ఇంగ్లీషు అనువాదం జతచేసి, "నాకు రెండు భాషలూ వచ్చు, ఈ అనువాదం పూర్తిగా, సరిగ్గా ఉంది" అని అనువాదకుడు రాసి సంతకం చేస్తే సరిపోతుంది. దీనికి నోటరీ ముద్ర వేయించడం డబ్బు దండగ. స్నేహితులు, బంధువులు ఈ దంపతులు మాకు తెలుసని ఇచ్చే ఉత్తరాలకు ఇక్కడ నోటరీ చేయించవచ్చు. అదీ కుదరకపోతే, అమెరికా చట్టాల ప్రకారం అబద్ధమైతే శిక్షకు సిద్ధమని ప్రకటిస్తూ, తేదీ వేసి సంతకం చేసే వాక్యంతోనూ నడుస్తుంది. అమెరికా బయట సంతకం చేసేవాళ్లు ఆ వాక్యంలో అమెరికా సంయుక్త రాష్ట్రాల చట్టాల కింద అని తప్పకుండా రాయాలి. చాలామంది వదిలేసే ముక్క అదే.

బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియాలూ భార్యాభర్తల వీసాలకు మన సర్టిఫికెట్ మీద అపొస్టిల్ అడగవు. అనువాదాల దగ్గర మాత్రం గట్టిగా ఉంటాయి. కెనడాకు సొంతవాళ్లు చేసిన అనువాదం చెల్లదు, ఇంట్లో ఇంగ్లీషు లెక్చరర్ ఉన్నా సరే.

అపొస్టిల్ అడిగే దేశాలకు

ముందు రాష్ట్రం ముద్ర, తర్వాత విదేశాంగ శాఖ. పెళ్లి, జనన పత్రాలు, అఫిడవిట్లు వ్యక్తిగత పత్రాల కిందికి వస్తాయి కాబట్టి రాష్ట్ర హోం శాఖ లేదా సాధారణ పరిపాలన శాఖలో ఇందుకు నియమించిన అధికారి దగ్గరికి వెళ్లాలి. డిగ్రీలకు కిటికీ వేరు, అవి విద్యాశాఖ చూస్తుంది. రెండూ ఒకే కవర్లో పెట్టి పంపితే ఒకటి తిరిగొస్తుంది. విదేశాంగ శాఖ 2012 నుంచి జనం చేతి నుంచి నేరుగా పత్రాలు తీసుకోవడం లేదు. తాను నియమించిన ఏజెన్సీల ద్వారానే ఇవ్వాలి. 2019 నుంచి ఈ పని ఢిల్లీతో పాటు హైదరాబాద్ లాంటి నగరాల్లోనూ జరుగుతోంది. అపొస్టిల్‌కు ప్రభుత్వ ఫీజు పత్రానికి 50 రూపాయలు, దానిపైన ఏజెన్సీ సర్వీసు చార్జీ కొద్దిగా. హేగ్ ఒప్పందంలో లేని దేశాలకు వేసే మామూలు అటెస్టేషన్‌కు శాఖ ఫీజే లేదు. కన్సల్టెన్సీ చెప్పే వేల రూపాయలు తిరుగుడుకూ వాళ్ల లాభానికే. తిరిగే ఓపిక లేనివాళ్లు ఇవ్వొచ్చు, తప్పేం లేదు, కానీ దేనికిస్తున్నారో తెలిసి ఇవ్వండి.

త్వరగా చేస్తామనే ఏజెంట్లు మన పత్రాన్ని రాష్ట్ర ప్రభుత్వానికి చూపించకుండా ఢిల్లీలో ఎస్‌డీఎం (సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్) సంతకం పెట్టించి విదేశాంగ శాఖకు ఇస్తారు. దొంగదారి కాదు, ఆ శాఖ దాన్ని ఒప్పుకుంటుంది. కానీ కొన్ని ఎంబసీలు సర్టిఫికెట్ ఏ రాష్ట్రానిదో ఆ రాష్ట్రం ముద్రే కావాలంటాయి. ఎంబసీ దాకా వెళ్లే పత్రమైతే ఏ దారిన చేయిస్తున్నారో ముందే అడిగి రసీదు మీద రాయించుకోండి. స్టిక్కర్ వచ్చాక దాని మీది నంబరును విదేశాంగ శాఖ వెబ్‌సైట్లో సరిచూసుకోవచ్చు. ఐదు నిమిషాల పని. నకిలీ స్టిక్కర్లు లేకపోలేదు.

నెదర్లాండ్స్‌కు పార్ట్‌నర్‌గా వెళ్లేవాళ్లకు మ్యారేజ్ సర్టిఫికెట్‌తో పాటు బర్త్ సర్టిఫికెట్ కూడా అపొస్టిల్ చేయించి పంపమని నా సలహా. వీసా వచ్చాక అక్కడి మున్సిపాలిటీలో నమోదు చేసుకునేటప్పుడు అది అడుగుతారు, అక్కడి నుంచి తెప్పించుకోవడం కష్టం. పత్రం డచ్, ఇంగ్లీష్, ఫ్రెంచ్, జర్మన్‌లలో ఏదో ఒకదానిలో ఉండాలి. తెలుగులో ఉంటే ప్రమాణం చేసిన అనువాదకుడితో చేయించాలి. ఇండియాలో చేయించిన అనువాదానికి కూడా విడిగా అపొస్టిల్ కావాల్సి వస్తుంది కాబట్టి డచ్ అనువాదకుడికి స్కాన్ పంపి చేయించుకోవడం తేలిక. ఇంకా తేలిక, మొదటే ఇంగ్లీషు సర్టిఫికెట్ తీసుకోవడం.

జర్మనీ సంగతి విడిగా చెప్పాలి. హేగ్ ఒప్పందంలో ఇండియా చేరినప్పుడు జర్మనీ అభ్యంతరం తెలిపింది. అందువల్ల రెండు దేశాల మధ్య అపొస్టిల్ పనిచేయదు. ఇక్కడి జర్మన్ కార్యాలయాలు మన పత్రాలను లీగలైజ్ చేయడం, అంటే తామే ముద్ర వేసి ధ్రువీకరించడం, కూడా ఆపేశాయి. అవసరమనుకుంటే పత్రం నిజమో కాదో విచారణ చేయించుకుంటాయి. రిజిస్ట్రార్ ఆఫీసుకు మనిషిని పంపి రికార్డు చూపించుకునే పద్ధతి అది, ఖర్చు మనదే, సమయమూ పడుతుంది. యూరప్ అంతటికీ ఒకటే అని అపొస్టిల్ చేయించేసి జర్మనీ ఫైల్లో పెట్టి నిశ్చింతగా కూర్చుంటే కుదరదు. ఆ వీసా చెక్‌లిస్టులో ఉన్నదే వేదం.

గల్ఫ్

గల్ఫ్ అంతా ఒకటే అనుకోవడం ఇంకో పొరపాటు. ఒమన్, బహ్రెయిన్ హేగ్ ఒప్పందంలో ఎప్పటి నుంచో ఉన్నాయి. సౌదీ 2022 డిసెంబరు 7 నుంచి వచ్చింది. వాటికి అపొస్టిల్ చాలు. సౌదీకి ఇప్పటికీ ఎంబసీ అటెస్టేషన్ పేరుతో పాత రేటు వసూలు చేసేవాళ్లున్నారు, జాగ్రత్త. యూఏఈ, ఖతర్, కువైట్ ఆ ఒప్పందంలో లేవు. వాటికి రాష్ట్రం, విదేశాంగ శాఖ అటెస్టేషన్, ఇండియాలో ఆ దేశ ఎంబసీ, అక్కడికి చేరాక ఆ దేశ విదేశాంగ శాఖ, ఇదీ వరుస. మధ్యలో ఒకటి వదిలి తర్వాతది వేయించడం కుదరదు. ఎవరు ఎవరి సంతకం చూస్తారో ఇందాక చెప్పాను కదా.

యూఏఈలో చివరి ముద్రకు పత్రానికి 150 దిర్హాములు. ఆ తర్వాతే అరబిక్ అనువాదం, అదీ న్యాయశాఖ లైసెన్సు ఉన్న అనువాదకుడి దగ్గర. ముద్రలు పడక ముందే అనువాదం చేయిస్తే ఆ ముద్రల సమాచారం అనువాదంలో ఉండదు, మళ్లీ డబ్బు కట్టాలి. ఇంత చేసేముందు స్పాన్సర్ జీతం చూసుకోండి. నెలకు 4,000 దిర్హాములు గానీ 3,000తో పాటు వసతి గానీ ఉండాలి. లేబర్ కాంట్రాక్టులో ఆ అంకె లేకపోతే సర్టిఫికెట్ మీద ఎన్ని ముద్రలున్నా వీసా కదలదు.

పిల్లలుంటే వాళ్ల బర్త్ సర్టిఫికెట్లకూ ఇదే దారి, కాబట్టి అన్నీ కలిపి ఒకేసారి పంపండి.

సంతకం చేయాల్సినవాళ్లు బయట ఉంటే

డల్లాస్‌లో ఉన్న భర్త సంతకం చేసిన కాగితాన్ని కొరియర్లో తెప్పించి ఇక్కడి నోటరీ దగ్గర ముద్ర వేయించడం మన ఊళ్లలో మహా మామూలు. నోటరీ పని సంతకం తన ఎదుట జరిగిందని చెప్పడం. ఆ తేదీన మనిషి ఇండియాలో లేడని పాస్‌పోర్టు స్టాంపులే చెబుతాయి. అఫిడవిట్ ఎవరిదైతే వాళ్లున్న చోటే నోటరీ జరగాలి.

అమెరికాలో రెండు దారులు. భారత కాన్సులేట్ ద్వారా అటెస్ట్ చేయించుకోవచ్చు. లేదా స్థానిక నోటరీ ఎదుట సంతకం చేసి ఆ రాష్ట్రం అపొస్టిల్ తీసుకోవచ్చు. నోటరీకి కమిషన్ ఇచ్చిన రాష్ట్రమే అపొస్టిల్ ఇస్తుంది, మీరుండే రాష్ట్రం కాదు. టెక్సాస్‌లో అది ఆస్టిన్‌లోని సెక్రటరీ ఆఫ్ స్టేట్ కార్యాలయం, పత్రానికి 15 డాలర్లు. న్యూయార్క్‌లో నోటరీ సంతకాన్ని ముందు కౌంటీ క్లర్క్ ధ్రువీకరించాలి, 3 డాలర్లు. ఆ తర్వాత రాష్ట్రం, 10 డాలర్లు. కౌంటీ మెట్టు తెలియక పోస్టులో పంపినవాళ్ల కవరు అలాగే వెనక్కి వస్తుంది.

బిడ్డ ఇక్కడ తల్లి దగ్గర ఉండి, తండ్రి విదేశంలో ఉంటే పాస్‌పోర్టుకు తండ్రి సమ్మతి కావాలి. తల్లి ఇచ్చే అనెగ్జర్ డి (పాస్‌పోర్టు దరఖాస్తుకు జతచేసే డిక్లరేషన్) తో పాటు అక్కడి భారత రాయబార కార్యాలయం అటెస్ట్ చేసిన ప్రమాణపత్రం తెప్పించాలి. అమెరికా నోటరీ ముద్రతో వచ్చిన కాగితాన్ని పాస్‌పోర్టు ఆఫీసులో పక్కన పెట్టే అవకాశం ఎక్కువ, ఇక్కడ కాన్సులేట్ దారే పట్టండి. తల్లి వీసా అపాయింట్‌మెంట్ దొరికాక బిడ్డ పాస్‌పోర్టు ఆగిపోవడం తరచూ జరిగేదే.

ఆస్తి అమ్మి ఖర్చులు చూసుకోవడానికో, ఇక్కడ పనులు చక్కబెట్టడానికో పవర్ ఆఫ్ అటార్నీ పంపేవాళ్లు ఒక గడువు గుర్తుంచుకోవాలి. విదేశంలో రాసిన పత్రం ఇండియాలో చేతికందిన రోజు నుంచి మూడు నెలల్లోగా స్టాంపు డ్యూటీ కట్టించాలి. జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో ఆ పని అవుతుంది. పత్రం ఎప్పుడొచ్చిందో రుజువుగా కొరియర్ కవరు పారేయకుండా ఉంచండి.

ఇక స్కాన్లు. ముద్రలు, స్టిక్కర్లు పత్రం వెనకవైపు ఉంటాయి కాబట్టి రెండు వైపులా రంగుల్లో స్కాన్ చేసి ఒకే ఫైల్‌గా పెట్టాలి. ముందు పేజీ ఒక్కటే అప్‌లోడ్ చేసి "అటెస్టేషన్ లేదు" అని తిరస్కరణ తెచ్చుకునే కేసులు తక్కువేమీ కాదు. ఫోన్‌తో తీసేటప్పుడు ఎంబాస్ సీలు, అంటే రంగు లేకుండా కాగితం ఉబ్బి ఉండే ముద్ర, కనిపించదు. పక్కనుంచి వెలుతురు పడేలా పెట్టి ఇంకో ఫొటో తీసి దాన్నీ జతచేయండి. స్టేపుల్ పిన్ను తీసి స్కాన్ చేయకండి. నోటరీ ముద్ర రెండు కాగితాలను కలుపుతూ వేసి ఉంటే, పిన్ను తీసిన గుర్తు చూసి కాగితం మార్చారేమోనన్న అనుమానం వస్తుంది.